మా చేను పత్తి, పన్నెండు రైఫిళ్లు

పోస్టుకు చేరింది మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. కింద రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఐదున్నర గంటల నడక. గాలి ఎడమ నుంచి కొడుతోంది. మోకాలి దాకా మంచు. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను, దాని మీద అడ్డంగా కట్టిన ఒక బియ్యం సంచి.

బంకర్ ముందు నిలబడి ఉన్న సుబేదార్ సాబ్ నన్ను చూడలేదు, సంచినే చూశాడు. ఆయనది రాజస్థాన్. మాట్లాడేది హిందీయే కానీ ఇక్కడ తెలుగులోనే రాస్తాను.

"ఏమిటది, నాయక్?" నాయక్ నా ర్యాంకు.

"పత్తి, సాబ్. మా చేను పత్తి."

"ఎందుకు?"

"రైఫిళ్లు తుడవడానికి."

ఆయన ఒక్క క్షణం చూసి, "టీ తాగి కోత్ తాళాలు తీసుకో" అన్నాడు. కోత్ అంటే ఆయుధాలు ఉంచే గది. మా పోస్టులో అది గది కూడా కాదు, బంకర్ వెనక మూల. పన్నెండు మందిమి, పన్నెండు రైఫిళ్లు. వాటి బాగోగులు నావి.

పత్తి కథ సెలవులో మొదలైంది. మాది నర్సంపేట దగ్గర పల్లె. అక్కడ పత్తి తప్ప వేరే మాట ఉండదు. మా రేడియో ఆపరేటర్‌ది రఘునాథపల్లి పక్క ఊరు. బలగంలో నాకు సొంత తమ్ముడి లెక్క. నేను సెలవులో ఉండగా పోస్టు నుంచి కింది క్యాంపుకు దిగి ఫోన్ చేశాడు.

"అన్నా, గీడ తుపాకులు తుడిచే బట్ట అయిపోయింది. మంచు వడి బండ్లు అస్తలేవు. పాత బనీన్లు చింపుకుంటానం. ఏమన్న పట్కరా జర."

బాపుతో చెప్పాను. ఆయన ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది. "బట్ట ఎందుకురా? మొదటిసారి ఏరిన పత్తి ఉన్నది. దీన్ని మించిన మెత్తన దునియాల లేదు" అన్నాడు. మూడు రోజులు ఇంటిల్లిపాదీ కూర్చొని గింజలు తీశారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. మా ఇంట్లో అది తిరగబడింది. మా పెరటి చెట్టు సకల రోగాలకూ మందేనని మా నమ్మకం. కాకి పిల్ల కాకికి ముద్దు.

ఆ సాయంత్రమే కోత్‌లోని చెక్కపెట్టె తెరిచాను. ఏముందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మూడు ముక్కలు కలిపి బిగించే ఇనుప రాడ్డు ఒకటి. పుల్‌థ్రూలు రెండు. పుల్‌థ్రూ అంటే తాడు. ఒక కొసకు ఇత్తడి గుండు, ఇంకో కొసకు బట్ట ఇరికించే ఉచ్చు. రెండింటి తాళ్లూ పీచు లేచి ఉన్నాయి. వెంట్రుకలు అణిగిపోయిన ఇత్తడి బ్రష్షు ఒకటి. చలికి గడ్డకట్టని నూనె డబ్బా ఒకటి, సగం ఖాళీ.

మీలో తుపాకి ముట్టనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. రైఫిల్ గొట్టానికి రెండు చివరలు. వెనక తూటా కూర్చునే చోటు, ముందు మూతి. ట్రైనింగ్‌లో మా ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు: "గుండు ఎటు పోతుందో మురికీ అటే పోవాలి." అంటే వెనక నుంచి తాడు కొసనున్న ఇత్తడి గుండు జారవిడిచి, మూతి నుంచి తాడు లాగాలి. మూతి వైపు నుంచి రాడ్డు దూరిస్తే మురికంతా వెనక్కి, తూటా ఉండే చోటికి, దాన్ని వెనక నుంచి మూసే బోల్టు మీదికి పోతుంది.

ఇది నాకు తెలియక కాదు. తాళ్లు చూశాను. పీచు లేచిన తాడు గొట్టం మధ్యలో తెగితే ఆ రైఫిల్ అప్పటికి కర్రతో సమానం. అందుకని రాడ్డు ఎంచుకున్నాను. బట్టకు బదులు పత్తి చుట్టాను. మూతి నుంచి వెనక్కి తోశాను. ఆలోచించే చేశాను. అదే నాకు ఎక్కువ బాధ. తెలివి తక్కువై చేసిన తప్పయితే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.

మొదటి రైఫిల్ తుడిచి వెలుతురుకు పట్టి చూస్తే గొట్టం అద్దంలా మెరిసింది. రేడియో ఆపరేటర్ చూసి, "అబ్బ, పెండ్లికొడుకు లెక్క తయారు జేసినవే" అన్నాడు.

"మా బాపు పత్తి రా. ఉత్త మాట కాదు."

నూనెను పత్తి బాగా తాగేది. బట్టకు రెండు చుక్కలు చాలు, పత్తికి పది పోయాలి. పోశాను. ఆ నూనెతో గొట్టం ఇంకా మెరిసింది. రెండు రోజుల్లో పన్నెండూ అయిపోయాయి. ఆ తర్వాత రోజూ పొద్దున ఏడింటికి, సాయంత్రం నాలుగింటికి అదే పని. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూసేవాళ్లం. టక్ మనేది. లోపల పిన్ను గట్టిగా కొట్టినా మెత్తగా కొట్టినా చెవికి తేడా తెలియదు. ఆ సంగతి తర్వాత నేర్చుకున్నాను.

పోస్టు జీవితంలో చెప్పుకోదగ్గది తక్కువ. పగలు మైనస్ పదకొండు, తెల్లారుజామున మైనస్ ఇరవై నాలుగు. బుఖారీ అనే కిరోసిన్ పొయ్యి చుట్టూ మసి, దగ్గు. రైఫిళ్లను వెచ్చని బంకర్‌లోకి తేనిచ్చేవాణ్ణి కాదు. వెచ్చదనానికి ఇనుము చెమట పడుతుంది, బయటికి పోగానే ఆ చెమట గడ్డకడుతుంది. అందరూ నన్ను "అత్తగారు" అని పిలిచేవాళ్లు. వంట గదిలో కోడలి వెంట తిరిగినట్టు తుపాకుల వెంట తిరుగుతున్నానట. తిరిగాను. తిరిగి తిరిగి చూడాల్సిన చోట చూడలేదు.

పంతొమ్మిదో రోజు. మధ్యాహ్నం ఒంటి గంటకు రేడియో ఆపరేటర్, ఇంకో జవాను కలిసి తూర్పు గుట్ట మీదికి పోయారు. అక్కడి యాంటెన్నా గాలికి ఒరిగింది. ఆరు వందల మీటర్ల దూరం. పోవడానికి నలభై నిమిషాలు. పోయేదీ వచ్చేదీ తూర్పు మెట్ల దారినే. అది ఆజ్ఞ. ఉత్తరం వైపు లోయ. అటు నుంచి మనవాడు ఎవడూ రాడు. అటు నుంచి వచ్చేది ఏదైనా మనది కాదు.

రెండున్నరకు పొగమంచు కమ్మింది. రెండూ యాభై ఐదుకు బంకర్‌లో రేడియో సెట్టు పలికింది.

"పని అయిపోయింది. బ్యాటరీ సచ్చిపోతాంది. అస్తానం. ఓవర్."

"తూర్పు దారిలోనే రండి. ఓవర్" అన్నాడు సుబేదార్ సాబ్. జవాబు రాలేదు. మళ్లీ పిలిచాడు. సెట్టు గరగరలాడి ఆగిపోయింది.

సుబేదార్ సాబ్ తూర్పు సెంట్రీ దగ్గరికి తానే వెళ్లాడు, మనవాళ్లను గుర్తుపట్టడానికి. నన్ను ఉత్తరం సెంట్రీ దగ్గరికి పంపాడు. అక్కడ ఉన్నవాడు కర్నూలు పిల్లగాడు, పోస్టుకు కొత్త. అయినా గట్టివాడు. ఇసుక బస్తాల మీద రైఫిల్ ఆనించి చూస్తున్నాడు. నేను వాడి కుడి భుజం పక్కన కూర్చున్నాను. చూడటానికి ఏమీ లేదు. తెల్లటి గోడ.

మూడూ నలభైకి ఆ గోడలో ఒక నల్ల మచ్చ కనిపించింది. కదిలింది. మనిషి. కింది నుంచి, లోయలోంచి, నేరుగా మా మీదికి వస్తున్నాడు.

సెంట్రీ అరిచాడు. ఆగమన్నాడు, సంకేతం అడిగాడు. ఒకసారి. రెండోసారి. గాలి ఆ మాటల్ని మా వెనక్కే కొట్టేసింది. మూడోసారి ఇద్దరం కలిసి అరిచాం. మచ్చ ఆగలేదు. నలభై అడుగులు. భుజం మీద ఏదో పొడుగ్గా ఉంది.

"పలకడం లేదు సాబ్. ఏం జేద్దాం?"

ఆ చోట పెద్దవాణ్ణి నేను. అడిగింది నన్ను. నా నోట్లోంచి మాట వచ్చింది.

"కొట్టు."

వాడు ట్రిగ్గర్ నొక్కాడు.

టక్.

అంతే. వాడు బోల్టు గుంజాడు. పేలని తూటా ఎగిరి నా మోకాలి మీద పడింది. ఇంకోటి లోపలికి పోయింది. మళ్లీ నొక్కాడు. టక్.

అప్పుడు ఆ మనిషి కుడి చెయ్యి ఎత్తాడు. చెవి మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకున్నాడు. సెట్టు గరగరలాడినప్పుడల్లా హెడ్‌ఫోన్ మీద అలా తట్టుకునేవాడు ఈ ప్రపంచంలో నాకు ఒక్కడే తెలుసు. సెంట్రీ చేతి మీద పడ్డాను. రైఫిల్ పక్కకు తోశాను.

వాడు బస్తాల మీదికి ఎక్కి ఇవతలికి దొర్లాడు. కనుబొమల మీద మంచు. మూతికి కట్టుకున్న మఫ్లర్ గడ్డకట్టి చెక్కలా ఉంది, అందుకే మూడో పిలుపు విని పలికినా మాకు వినబడలేదు. భుజం మీది పొడుగుది యాంటెన్నా ముక్క. పొగమంచులో తూర్పు మెట్లు దొరక్క లోయలోకి దిగి ఎక్కి వచ్చారు. రెండోవాడు నూరడుగుల వెనక ఉన్నాడు.

మఫ్లర్ కిందికి లాగి నన్ను చూసి అన్నాడు.

"అన్నా, చాయ్ ఉన్నదా?"

నేను పక్కకు తిరిగి, పేలని తూటాను ఏరి చేతిలో పట్టుకున్నాను.

నాలుగుంపావుకు సుబేదార్ సాబ్ ఆ రైఫిల్ విప్పించాడు. పేలని తూటా వెనక టోపీ, అంటే మందును అంటించే చిన్న బిళ్ల, మీద సూది పొడిచినంత గుర్తు కూడా లేదు. బోల్టు ముఖం మీద చిన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి పిన్ను వచ్చి టోపీని కొడుతుంది. ఆ బెజ్జంలో నల్లటి ముద్ద. సూదితో తీశాను. నూనె, మసి, నూగు. విప్పి చూస్తే లోపల ఒక్క పోగు మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. మా చేను పత్తి. బట్టకు నేత ఉంటుంది, పోగు ఊడదు. పత్తికి ఊడటమే పని. రాడ్డుతో నేను వెనక్కి తోసిన నూగంతా అక్కడ చేరి, ఎక్కువైన నూనెతో చలికి బంకలా గట్టిపడి, పిన్నును పట్టుకుంది.

"మిగతావి?" అన్నాడు సుబేదార్ సాబ్.

పన్నెండూ విప్పాను. పన్నెండింటిలోనూ అదే ముద్ద. కొన్నింటిలో తక్కువ, కొన్నింటిలో ఎక్కువ. నా రైఫిల్‌లో అన్నింటికంటే ఎక్కువ. అందరి కంటే శ్రద్ధగా తుడుచుకున్నాను కదా.

సుబేదార్ సాబ్‌కు అంతా చెప్పాను. పత్తి సంగతి, రాడ్డు సంగతి, కొట్టమన్నది నేనేనన్న సంగతి.

"నువ్విచ్చిన ఆజ్ఞ సరైనది. నువ్వు వాడిన పత్తి తప్పు. శిక్ష పత్తికి" అన్నాడు.

శిక్ష ఏమిటంటే నెల రోజులు కోత్ తాళాలు నా దగ్గర ఉండవు, రోజూ రెండు గంటలు సామాను మోస్తూ మెట్లు ఎక్కి దిగాలి. మిగిలిన పత్తితో ఆయన పోస్టులో అందరికీ దిండ్లు కుట్టించాడు. కుట్టింది నేనే. పన్నెండు దిండ్లు. ఆ చలికాలమంతా అందరూ మా బాపు పత్తి మీద హాయిగా నిద్రపోయారు, నేను తప్ప. నెల కాగానే తాళాలు మళ్లీ నా ముందు పెట్టాడు. "నీకున్నంత భయం ఇక్కడ ఇంకెవడికీ లేదు. అందుకే నీకు" అన్నాడు.

రేడియో ఆపరేటర్‌కు తెలిసింది సగమే. రైఫిల్ పేలలేదని, కారణం నా పత్తేనని తెలుసు. కొట్టమన్నది ఎవరో తెలియదు. సెంట్రీ చెప్పలేదు, సుబేదార్ సాబ్ చెప్పలేదు. నేను చెప్పబోయి ప్రతిసారీ చాయ్ పోసుకున్నాను. వాడు మాత్రం కనబడ్డవాడికల్లా చెప్పేవాడు.

"మా అన్న పత్తి లేకుంటే నేను గోడ మీద ఫోటోనయ్యేటోన్ని."

అందరూ నవ్వేవాళ్లు. నాకు నవ్వొచ్చేది కాదు. వాడు బతికింది నా తప్పు వల్ల. అదే తప్పుతో పంతొమ్మిది రోజులు పన్నెండు మందిమి పేలని ఇనుము పట్టుకొని శత్రువు ముందు నిలబడ్డాం. ఆ రోజుల్లో ఏ ఒక్క రోజైనా నిజంగా ఎవడైనా లోయలోంచి వచ్చి ఉంటే? దీనికి దేవుడికి దండం పెట్టాలో, చెంపలు వేసుకోవాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ తర్వాతి సెలవులో ఊరు పోకముందే వరంగల్ బజారులో ఏళ్లనాటి ఒక బట్టల దుకాణానికి వెళ్లాను. గద్దె మీద కూర్చున్న పెద్దాయన మెత్తటి ఫ్లానెల్ తాను పరిచాడు.

"పొత్తిళ్లకా బిడ్డా? పిల్లనా, పిలగాడా?"

"తుపాకి తుడవనీకి, సేటు."

ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. అంచు పట్టి నా చేతికిచ్చాడు. "గట్లనా. జర గుంజి చూడు. గోరుతోని గీకు. పోగు లేస్తే వాపస్ పట్కరా."

గీకాను. లేవలేదు. పది మీటర్లు తీసుకున్నాను. పుల్‌థ్రూలకు సన్నని నైలాన్ తాడు కొని రెండు రోజులు లాగి చూశాను. ఇంటికి పోతే బాపు అడిగాడు, "పత్తి ఎట్ల పనిజేసింది?" అని.

"మస్తు పనిజేసింది బాపూ" అన్నాను. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

పదిహేడేళ్ల నౌకరీ ముగించి వచ్చాను. ఇప్పుడు హనుమకొండలో ఒక బ్యాంకు తలుపు దగ్గర కూర్చుంటాను. లైసెన్సు నాది, పన్నెండు బోరు రెండు గొట్టాల తుపాకీ నాది. మీరు డబ్బు తీసుకోవడానికి వచ్చినప్పుడు స్టూలు మీద ఒక మీసాలాయన కుదురుగా కూర్చోలేక లేచి తిరుగుతూ ఉంటే అది నేనే. బ్యాంకు పిల్లలు అడుగుతారు, ఎన్నడూ పేల్చని తుపాకీని వారం వారం ఏం తుడుస్తావు అంకుల్ అని.

తుడుస్తాను. దీని గొట్టం లోపల రైఫిల్‌కు ఉన్నట్టు మెలికల గాడులుండవు, నున్నగా ఉంటుంది. కాబట్టి పని సులువు అనుకుంటారు. గొట్టం లావు కనుక పలచని బట్ట గోడకు తాకకుండానే జారిపోతుంది, తుడిచామన్న భ్రమ మిగులుతుంది. దీనికి తగిన లావు బ్రష్షు, ఉన్ని కుచ్చు హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నాను. రాడ్డు కర్రది, ఇనుముది కాదు. ఇనుము మూతిని గీకుతుంది. గొట్టాలు విప్పి, వెనక నుంచి ముందుకే తోస్తాను. నూనె రెండు చుక్కలు. తర్వాత పొడి బట్ట. తర్వాత గోరుతో బట్ట గీకి చూస్తాను. మా ఆవిడ అంటుంది, "నన్ను జూసుకునేటప్పుడు గింత సోదించినవా?" అని. ఆమె నవ్వుతుంది. నేను లేచి ఇంకోసారి వెలుతురుకు పట్టి చూస్తాను.

రేడియో ఆపరేటర్ కూడా నౌకరీ వదిలి వచ్చాడు. హసన్‌పర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఏటా దసరాకు, సాయంత్రం జమ్మి పూజ దాకా ఆగకుండా, పొద్దున్నే మా ఇంటికి మొదట వచ్చేది వాడే. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, కాళ్లకు మొక్కబోయి, కౌగిలించుకొని అలాయ్ బలాయ్ తీసుకుంటాడు. "నీ పత్తి సల్లగుండ" అంటాడు. ఏటా ఆ మాట నా మెడ మీద చెయ్యేసి నొక్కినట్టు ఉండేది.

పోయిన దసరాకు ఆపుకోలేకపోయాను. వాకిట్లో నిలబెట్టే చెప్పాను.

"తమ్మీ, ఆ దినం సెంట్రీ నన్నడిగిండు. కొట్టుమన్నది నేనే."

వాడి చేతిలో ఇంకా జమ్మి ఆకులున్నాయి. వాటినే చూశాడు.

"రెండుసార్లు నొక్కిండు గద?"

"రెండుసార్లు."

"రెండోసారి గూడ నువ్వే జెప్పినవా?"

"చెప్పలే. ఆపలే."

మా ఆవిడ లోపలి నుంచి చాయ్ తెచ్చింది. వాడు తాగలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అన్నాడు.

"ఇన్నేండ్లు దాసినవ్. ఇంకిన్ని దాస్తే ఏం బోయేది, అన్నా."

ఏడాది పాటు ఫోన్ లేదు. నేను చేశాను, ఎత్తలేదు. నాలుగుసార్లు హసన్‌పర్తి దాకా బండి మీద పోయి దుకాణం ఎదురుగా నిలబడి తిరిగొచ్చాను. సంకేతం లేకుండా ఆ గడప దాటడానికి కాళ్లు రాలేదు.

మొన్న దసరా. ఆయుధ పూజ. పొద్దున్నే వాకిట్లో చాప పరుచుకొని తుపాకీ విప్పాను. గొట్టాలు ఒక పక్క, మిగతా భాగం ఒక పక్క. కర్ర రాడ్డు, ఉన్ని కుచ్చు, సేటు దుకాణపు ఫ్లానెల్. పసుపు, కుంకుమ గిన్నెలు మా ఆవిడ పక్కన పెట్టి పోయింది. మొదటి గొట్టం తుడిచాను. రెండోది తుడిచాను. ఎనిమిది దాటింది. ఏటా ఏడున్నరకే వస్తాడు. ఇంకోసారి తుడిచాను. చేయడానికి ఇంకేమీ లేక రెండు గొట్టాలనూ ఎత్తి గేటు వైపు వెలుతురుకు పట్టాను.

లోపల శుభ్రంగా ఉంది. గుండ్రటి వెలుగు. ఆ వెలుగులో, దూరంగా వీధి చివర, ఒక నల్ల మచ్చ కదిలింది. మనిషి. నేరుగా ఇటే వస్తున్నాడు. గొట్టం దించాలని తెలుసు. చెయ్యి కదల్లేదు. ట్రిగ్గర్ లేని ఉత్త గొట్టం అది, అయినా నా చూపుడువేలు వంగి ఉంది. ఆ మనిషి కుడి చెయ్యి ఎత్తాడు. చెవి మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

గొట్టాలు చాప మీద పెట్టేశాను. గేటు చప్పుడైంది. వాడు చేతిలో జమ్మి రెమ్మతో వాకిట్లో నిలబడ్డాడు. తుపాకీ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అన్నా" అన్నాడు. "చాయ్ ఉన్నదా?"